అరగంట ఐసు

కీమో ఎక్కిస్తే జుట్టు ఊడుతుందని బడికెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. ఆ పాఠం సినిమాలు చెప్పాయి. నోరు పూస్తుందన్న సంగతి మాత్రం మొదటి విడత మందు ఎక్కి వారం గడిచాకగానీ చాలామందికి తెలియదు. ముందు పెదవుల లోపలి పక్క ఎర్రబడుతుంది. నాలుక అంచులు చురుక్కుమంటాయి. రెండు మూడు రోజుల్లో బుగ్గల లోపల, నాలుక కింద తెల్లటి పొర కట్టిన పుండ్లు లేస్తాయి. కారం సంగతి సరే, చప్పటి గంజి కూడా గొంతు దిగదు. పటాన్‌చెరు నుంచో సదాశివపేట నుంచో బస్సెక్కి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే కాన్సర్ ఆసుపత్రికి వచ్చే మనిషి రెండో విడతప్పుడు డాక్టరు ముందు కూర్చుని గడ్డ ఊసు తర్వాత ఎత్తుతాడు. "బువ్వ పోతలేదు సారూ, నోరంత మంటలే" అన్నది ముందొస్తుంది.

డాక్టరుకూ అది చిన్న విషయం కాదు. పుండ్లు పడ్డ నోట్లోంచి సూక్ష్మజీవులు సులువుగా రక్తంలోకి దూరతాయి. సరిగ్గా అవే రోజుల్లో వాటిని ఎదిరించాల్సిన తెల్ల రక్తకణాలు అడుగంటి ఉంటాయి. తిండి లేక మనిషి నీరసిస్తాడు. తర్వాతి విడత వాయిదా వేయాలి, లేదా మోతాదు తగ్గించాలి. ఏది చేసినా కాన్సర్‌కు కాస్త వెసులుబాటు ఇచ్చినట్టే.

ఈ బాధకు ఇన్నేళ్ళలో పుక్కిలించే మందులు, పూతలు, జెల్లులు ఎన్నో వచ్చాయి, వాటిలో చాలావరకు పరీక్షకు నిలవలేదు. నిలబడిన కొద్దివాటిలో అన్నిటికంటే చవకైనది ఐసు ముక్క. మందు ఎక్కించే ముందు నోట్లో వేసుకుని అరగంటపాటు చప్పరించడం, అంతే. ఈ పద్ధతి అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 1991లో ప్రకటించిన పరిశోధనతో మొదలైందని వైద్య పుస్తకాలు రాస్తాయి. నాకు మాత్రం ఈ కథను భీమవరం నుంచి ఎత్తుకోవడమే సబబు అనిపిస్తుంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. మన వైద్యులు సంగ్రహణి అనేదానికి దగ్గరి జబ్బు అది. సుబ్బారావుకూ అదే పట్టుకుంది. ఆయుర్వేదం కూడా అభ్యసించిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డారు. స్ప్రూలో పేగులు తిన్నదాన్ని పీల్చుకోలేవు. ఆగని విరేచనాలు, రక్తం పాలిపోవడం, వాటితోపాటు నోటిపూత. నాలుక మీది బొడిపెలు అరిగిపోయి, నున్నగా ఎర్రగా మారి, ఏది తగిలినా భగ్గుమంటుంది. ఎందుకు ఇలా అవుతుందో అప్పట్లో ఎవరికీ తెలియదు.

తెలియడానికి దారి బొంబాయిలో పడింది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1928లో అక్కడికి వచ్చి, గర్భిణుల్లో, ముఖ్యంగా బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలో, ప్రాణాంతకంగా కనిపించే ఒక రకం రక్తహీనతను పట్టించుకున్నారు. ఈస్ట్ నుంచి తీసిన చవకబారు పదార్థం తినిపిస్తే వాళ్ళు తేరుకుంటున్నారని 1931లో ప్రకటించారు. ఆ పదార్థంలో పనిచేసిన విటమిన్‌ను తర్వాత ఆకుకూరల్లో గుర్తించి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది సుబ్బారావు నాయకత్వంలోని బృందం. ఆయన 1920లలో అమెరికా చేరి, హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీకి మారారు. 1945లో ఫోలిక్ ఆమ్లం తయారైంది. స్ప్రూ రోగులకు ఇస్తే రక్తం పట్టింది, నాలుక మానింది. అన్నదమ్ముల్ని మింగిన జబ్బుకు విరుగుడు తయారు చేసినవాడు ఇంకొకడు ఉంటే నాకు తెలియదు.

ఇక్కడి నుంచి కథ అడ్డం తిరుగుతుంది. బోస్టన్‌లో పిల్లల లుకేమియాతో కుస్తీ పడుతున్న సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇచ్చిన పిల్లల్లో జబ్బు ముదురుతోందని గమనించారు. అయితే ఫోలేటును అడ్డుకుంటే జబ్బు తగ్గాలి కదా అన్నది ఆయన లెక్క. అడ్డుకునే పదార్థాలు లెడర్లీలో తయారవుతూనే ఉన్నాయి. ఫోలిక్ ఆమ్లాన్నే స్వల్పంగా మార్చి చేసిన అమినోప్టెరిన్ 1947లో వచ్చింది. తాళంలో దూరుతుంది గానీ తిరగని దొంగ తాళంచెవి లాంటిది అది. కణం దాన్ని ఫోలేటు అనుకుని పట్టుకుంటుంది, పని జరగదు. ఫార్బర్ 1948 జూన్‌లో ప్రచురించిన వ్యాసంలో 16 మంది పిల్లల సంగతి ఉంది. 10 మందిలో లుకేమియా కొన్నాళ్ళపాటు వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకు మందన్నదే లేదు. అదే వ్యాసంలో ఆ మందు విషలక్షణాల్లో ముఖ్యమైనదిగా నోటిపుండ్లను రాశారు.

అంటే కీమోథెరపీ ఎంత పాతదో కీమోతో నోరు పూయడమూ అంత పాతదే. కారణం కూడా ఒకటే. నోటి లోపలి పొర ఎప్పటికప్పుడు రాలిపోతూ, ఒకటి రెండు వారాల్లో పూర్తిగా కొత్తదవుతుంది. అంత వేగంగా కణాలు పుట్టాలంటే డీఎన్ఏ తయారవుతూ ఉండాలి, దానికి కావలసిన థైమిన్ తయారీకి ఫోలేటు ఉండాలి. స్ప్రూలో ఫోలేటు అందక నోరు పూసింది. అమినోప్టెరిన్‌తో ఫోలేటు ఉండి కూడా పనికిరాక నోరు పూసింది. సుబ్బారావు ఒకే దారి రెండు చివరలా ఉన్నారు. ఫార్బర్ వ్యాసం వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకు ఆయన పోయారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది.

కథకు అడ్డమైనా ఒక మాట ఇక్కడ చెప్పి తీరాలి. ఆ మెథోట్రెక్సేట్‌నే కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి వేసుకోమని ఇస్తారు. చీటీ సరిగా అర్థంకాక దాన్ని రోజూ మింగేవాళ్ళు ఉన్నారు. అలాంటివాళ్ళలో ముందుగా కనిపించే ప్రమాద సూచనల్లో నోటిపుండ్లు ఒకటి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు కీళ్ళవాతానికి ఈ మాత్ర వాడుతూ ఉన్నట్టుండి నోరు పూసిందంటే బి-కాంప్లెక్స్ కొనివ్వకండి, మాత్ర ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఐసు దగ్గరికి రావాలంటే ఇంకో మందును కలవాలి. 1950లలో అమెరికా పరిశోధకులు ఒక విషయం కనిపెట్టారు. ఎలుకల కాలేయంలోని కాన్సర్ గడ్డ, మామూలు కణాల కంటే ఎక్కువగా యురాసిల్ అనే పదార్థాన్ని లాక్కుంటోంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ హైడెల్‌బర్గర్ దీన్ని అందిపుచ్చుకున్నారు. యురాసిల్‌లో ఒక హైడ్రోజన్ తీసేసి అక్కడ ఫ్లోరిన్ పరమాణువు పెట్టించారు. 1957లో లోకానికి తెలిసిన ఈ మందే ఫైవ్ ఫ్లోరోయురాసిల్. వార్డుల్లో అందరూ ఫైవ్ ఎఫ్‌యూ అంటారు. ఇదీ థైమిన్ తయారీ మీదే దెబ్బ కొడుతుంది, కాకపోతే వేరే వైపు నుంచి. పెద్దపేగు కాన్సర్‌కు చాలా ఏళ్ళు దిక్కు ఇదే.

తర్వాత దీనికి ల్యూకోవోరిన్ అనే జోడీ దొరికింది. ల్యూకోవోరిన్ కూడా ఫోలేటు కుటుంబానిదే. మెథోట్రెక్సేట్ ఎక్కువ మోతాదులో ఎక్కించినప్పుడు శరీరాన్ని కాపాడేందుకు విరుగుడుగా ఇచ్చేది దీన్నే. ఫ్లోరోయురాసిల్ పక్కన మాత్రం ఇది తిరగబడుతుంది. థైమిన్ తయారుచేసే ఎంజైమును మందు పట్టుకున్న పట్టు వదలకుండా బిగిస్తుంది. కాన్సర్ మీద దెబ్బ పెరిగింది, నోటి మీదా పెరిగింది. మేయో క్లినిక్ పేరు మీద ప్రసిద్ధమైన చికిత్సలో ఈ రెండింటినీ వరసగా ఐదు రోజులు, నాలుగైదు వారాలకొకసారి ఇచ్చేవారు. 1989లో దాని ఫలితాలు వచ్చాక అది బాగా వ్యాపించింది. మోతాదు ఇంకా పెంచుదామంటే అడ్డుపడ్డ వాటిలో నోరు ముందు వరసలో ఉంది.

అప్పుడు కొందరు గడియారం వైపు చూశారు. ఫ్లోరోయురాసిల్‌ను సిరంజితో ఒక్కసారిగా నరంలోకి పంపితే రక్తంలో దాని మోతాదు ఒక్క ఉదుటున శిఖరానికి వెళ్తుంది. అక్కడి నుంచి పదీ ఇరవై నిమిషాలకొకసారి సగానికి సగం పడిపోతుంది. నోటికి అసలు ముప్పు రోజంతా లేదు, ఆ కాసేపే. ఆ కాసేపు నోటికి వెళ్ళే రక్తం తగ్గిస్తే? చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయన్నది అందరికీ తెలిసిందే. పైగా చల్లబడిన కణం పని నెమ్మదిస్తుంది, మందును తీసుకోవడమూ తగ్గుతుంది. ఇదేమీ శూన్యంలోంచి ఊడిపడిన ఆలోచన కాదు. డాక్సోరుబిసిన్ అనే ఎర్రమందు ఎక్కించేటప్పుడు తలమీద మంచుగడ్డలు కట్టి జుట్టును కాపాడే ప్రయత్నాలు 1970లలోనే జరిగాయి, 1979లో పెద్ద పత్రికలో అచ్చయ్యాయి. తలకు చేసింది నోటికి చేయడానికి ఇంకో పుష్కరం పట్టింది.

1991లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో మహూడ్, లోప్రింజీ తదితరులు ప్రచురించిన పరీక్షలో 95 మంది ఉన్నారు. ఫ్లోరోయురాసిల్, ల్యూకోవోరిన్ మొదటి విడత తీసుకుంటున్నవాళ్ళు. సగం మందికి ఐసు, సగం మందికి మామూలు పద్ధతి. ఎవరికి ఏదన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఐసు ఇచ్చిన వాళ్ళలో నోటిపుండ్ల తీవ్రత స్పష్టంగా తగ్గింది. డాక్టర్లు చూసి వేసిన మార్కుల్లోనూ, రోగులు తమకు తాము వేసుకున్న మార్కుల్లోనూ తేడా కనపడింది. ఈ రెండోది నాకు ముఖ్యమనిపిస్తుంది. ఎందుకంటే ఇలాంటి పరీక్షలో ఉత్తుత్తి ఐసు ఇవ్వడం కుదరదు. నోట్లో ఉన్నది ఐసో కాదో పసివాడికి కూడా తెలుస్తుంది. ఆ లోపాన్ని తప్పించుకోలేరు గనక, ఫలితాన్ని వేరే వేరే చోట్ల మళ్ళీ మళ్ళీ చూడాల్సి వచ్చింది. ఇటలీలో కషీను బృందం 1994లో చూసింది, అదే తేలింది. 2015లో కాక్రేన్ సంస్థ 14 పరీక్షల్ని, 1280 మందిని కలిపి లెక్కగట్టి, ఫ్లోరోయురాసిల్ విషయంలో ఐసు పనిచేస్తుందని తీర్పు చెప్పింది.

అరగంట అన్నది ఎక్కడి నుంచి వచ్చింది? మందు సగమయ్యే వేగాన్ని బట్టి. గంటసేపు పెడితే ఇంకా మేలు కదా అని 1991 పరీక్ష చేసిన బృందమే 1993లో అరగంటకూ గంటకూ పోటీ పెట్టింది. తేడా రాలేదు. అరగంటకే స్థిరపడ్డారు.

ఆ అరగంట చెప్పుకున్నంత హాయిగా ఉండదు. సిస్టరు సిరంజి తీసుకుని మంచం దగ్గరికి రావడానికి ఐదు నిమిషాల ముందే ముక్క నోట్లో పడాలి. కట్టుడు పళ్ళుంటే తీసేయాలి. ముక్కను ఒకచోట ఉంచితే లాభం లేదు. కుడి బుగ్గలోకి, ఎడమ బుగ్గలోకి, నాలుక కిందికి, పై పెదవి లోపలికి తిప్పుతూ ఉండాలి. చలి చేరని చోట పుండు లేవొచ్చు. ముక్క పూర్తిగా కరగకముందే ఇంకోటి వేసుకోవాలి, మధ్యలో నోరు వేడెక్కితే అంతసేపూ పడ్డ శ్రమ నీళ్ళపాలే. పదో నిమిషానికి దవడలు కొయ్యబారుతాయి. కణతల్లో జివ్వుమని లాగుతుంది. కరిగిన నీళ్ళు మింగీ మింగీ కొందరికి వాంతి వచ్చినట్టుంటుంది, అప్పుడు ఉమ్మేసినా తప్పు లేదు. మాట్లాడబోతే మాట ముద్దగా వస్తుంది. పక్కన కూర్చున్న కోడలు "అత్తమ్మా, ఇంకో పది నిమిషాలే" అని గడియారం చూస్తూ బుజ్జగించాలి. మందు లోపలికి పోతున్నప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం తప్ప రోగి చేయగలిగింది సాధారణంగా ఏమీ ఉండదు. ఇక్కడ మాత్రం వైద్యంలో ఒక భాగం ఆమె నోట్లోనే, ఆమె చేతుల్లోనే ఉంది.

ఐసు తన రెండో పెద్ద విజయాన్ని మెల్ఫలాన్ దగ్గర సాధించింది. మైలోమా అనే ఎముక మజ్జ కాన్సర్‌లో రోగి సొంత మూలకణాలు తీసి దాచి, మెల్ఫలాన్ భారీ మోతాదు ఎక్కించి, తర్వాత ఆ కణాలను తిరిగి ఇస్తారు. ఈ మందుతో నోరు పూయడం అలా ఇలా ఉండదు, మార్ఫిన్ ఎక్కించాల్సినంత నొప్పి. ఇదీ రక్తంలోంచి త్వరగా పోయే మందే గనక ఐసు పెట్టి చూశారు. 2006లో వచ్చిన ఒక పరీక్షలో 40 మంది. ఒక గుంపు మామూలు ఉప్పునీళ్ళు పుక్కిలించింది, ఇంకో గుంపు మందుకు అరగంట ముందు మొదలుపెట్టి తర్వాత ఆరు గంటలదాకా ఐసు చప్పరించింది. తీవ్రమైన పుండ్లు ఉప్పునీళ్ళ గుంపులో 74 శాతం మందికి, ఐసు గుంపులో 14 శాతం మందికి వచ్చాయి. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా వాడే నోటిపూత మార్గదర్శకాల్లో ఈ రెండు సందర్భాలకూ ఐసును సిఫారసు చేస్తున్నారు. స్వీడన్ వాళ్ళు నోట్లో పట్టేలా ఒక పరికరం చేసి అందులో చన్నీళ్ళు తిప్పుతున్నారు. బాగానే ఉంది. మనకు స్టీలు గిన్నె, ఫ్రిజ్ చాలు.

అన్నిటికీ ఐసే అని పొరబడితే మాత్రం ప్రమాదం. ఆక్సాలిప్లాటిన్ అనే మందు నరాలకు చలి పడకుండా చేస్తుంది. అది ఎక్కిన రోజుల్లో చల్లటి నీళ్ళు తాగితే గొంతు బిగుసుకుపోయినట్టు, ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి. ఆక్సాలిప్లాటిన్ కలిసిన చికిత్స పెద్దపేగు కాన్సర్‌లో మెరుగైన ఫలితాలు ఇవ్వడంతో 2004 తర్వాత పాత ఐదు రోజుల పద్ధతి వెనక్కి వెళ్ళింది. ఐసుకు సరిగ్గా సరిపోయే చికిత్స పక్కకు తప్పుకుని, ఐసు పనికిరాని చికిత్స ముందుకొచ్చిందన్నమాట. ఫ్లోరోయురాసిల్‌ను పంపుతో 46 గంటలు కొద్దికొద్దిగా ఎక్కించే పద్ధతీ ఉంది, రెండు రోజులు ఎవరూ ఐసు చప్పరించలేరు. అదే జాతి మందు మాత్రల రూపంలో, కాపెసిటబిన్ పేరుతో రోజూ వేసుకునేవాళ్ళకూ ఇది వర్తించదు.

గుట్కా, జర్దా, ఖైనీ వల్ల నోటి కాన్సర్ వచ్చి రేడియేషన్ తీసుకునేవాళ్ళు మన జిల్లాల్లో ఎక్కువ. వాళ్ళకు ఆరేడు వారాలపాటు, వారానికి ఐదు రోజులు కిరణాలు పడతాయి. ఆ దెబ్బ రక్తం ద్వారా వచ్చేది కాదు, నేరుగా తగిలేది. దాన్ని ఐసు ఆపలేదు. వాళ్ళకు తక్కువ శక్తి లేజర్ చికిత్స, బెంజిడమిన్ పుక్కిలింత లాంటివి ఉన్నాయి. తేనె, పసుపు, కొబ్బరినూనె అంటూ ఫోన్లలో తిరిగే సలహాల గురించి ఇక్కడ వాదన పెట్టుకోను. ఏం పూసినా డాక్టరుకు చెప్పి పూయండి.

ఇప్పుడు మన పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతానికి వద్దాం. ముంబై రహదారి మీద రామచంద్రాపురం దాటి పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం మీదుగా సంగారెడ్డి దాకా, ఉత్తరాన బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి వైపు, పాశమైలారం పారిశ్రామికవాడలో ఎటు చూసినా మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీలు. 1960లలో బాలానగర్‌లో సోవియట్ సాయంతో పెట్టిన ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్ళు, 1970 నాటి పేటెంట్ చట్టం ఇచ్చిన వెసులుబాటుతో సొంతంగా రియాక్టర్లు పెట్టుకున్నారు. ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు, దాని తొలి ఫ్యాక్టరీ బొల్లారం దగ్గరే. హైదరాబాద్ చుట్టుపక్కల కంపెనీలు కాన్సర్ మందుల ధరల్ని నేలకు దించాయన్నది వట్టి పొగడ్త కాదు. ఇక్కడి డ్రమ్ముల్లో బయల్దేరిన పొడులు ఎన్నో దేశాల్లో సూదులుగా, మాత్రలుగా మారతాయి.

మందు చవకైంది. ఆ మందు నోటికి చేసే చెరుపును ఆపే ఉపాయం ఉచితం. అయినా వార్డుల్లో అది అంతగా కనిపించదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఐసు మీద ఎవరికీ రాబడి లేదు. పుక్కిలించే మందు సీసా గురించి చెప్పడానికి డాక్టరు గది బయట బ్యాగు పట్టుకుని మెడికల్ రిప్రజెంటేటివ్ నిలబడతాడు. ఐసు గురించి చెప్పడానికి ఎవరూ నిలబడరు. రోగుల రద్దీలో సిస్టరుకు తీరిక ఉండదు. వార్డులో ఉన్న ఫ్రిజ్ మందులది, అందులో నోట్లో పెట్టుకునేవి ఉంచకూడదు, అది సరైన నిబంధనే. అయితే ఐసు కోసం వేరే చిన్న ఫ్రిజ్ పెట్టాలని ఎవరి బడ్జెట్‌లోనూ ఉండదు.

నీళ్ళ సంగతి మరీ ముఖ్యం, అందులోనూ ఈ ప్రాంతంలో. నక్కవాగు కంపు, రంగు మారిన బోరునీళ్ళు, 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కాలుష్యం కేసు ఇక్కడివాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు చూపింది. మందుల ఫ్యాక్టరీల నీళ్ళ మీద ప్రపంచమంతా కళ్ళు తెరిచింది దాంతోనే. కీమో రోగికి రోగనిరోధక శక్తి తక్కువ. బండి మీద సోడాల్లో వేసే ఐసు, చేపలకు వాడే గడ్డ, ఏ నీళ్ళతో చేశారో తెలియని ఐసు అతని నోట్లోకి వెళ్ళకూడదు. తాగే నీళ్ళు బాగా మరిగించి, చల్లార్చి, మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో ఇంట్లోనే గడ్డ కట్టించాలి. చిన్న ముక్కలు చేసి, అంచులు పదునుగా ఉంటే ఒకసారి మరిగించి చల్లార్చిన నీళ్ళలో ముంచి తీస్తే మొండిబారతాయి. సంగారెడ్డి నుంచి హైదరాబాద్ దాకా రెండు గంటల ప్రయాణమైనా మంచి స్టీలు ఫ్లాస్కులో ఐసు నిలుస్తుంది, ఎండాకాలమైనా సరే.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్ళలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ కాన్సర్ కేంద్రాలు పెడతామని, ఆ ఏడాదే 200 తెరుస్తామని ప్రకటించారు. కీమో కోసం పట్నం బస్సెక్కే అవసరం తగ్గితే అంతకంటే కావలసింది లేదు. అలాంటి గదిలో కుర్చీలు, సెలైన్ స్టాండ్లు, పంపుల జాబితా రాసేవాళ్ళకు నా విన్నపం: చివర్లో ఒక చిన్న ఫ్రిజ్, ఒక నీటి శుద్ధి యంత్రం కూడా రాయండి. సంగారెడ్డి, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు సామాజిక బాధ్యత కింద ఏటా ఖర్చు చేసే డబ్బుతో పోలిస్తే ఇది లెక్కలోకి రానంత చిన్న ఖర్చు.

ఈలోగా మీ ఇంట్లో ఎవరికైనా కీమో మొదలవుతుంటే మొదటి రోజే డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి. ఫ్లోరోయురాసిల్ సిరంజితో ఒక్కసారిగా ఇస్తున్నారా? దానితో ఆక్సాలిప్లాటిన్ ఉందా? మొదటిదానికి అవును, రెండోదానికి లేదు అని జవాబొస్తే, ఐసు చప్పరించవచ్చా అని అడిగి, సరేనంటే మర్నాడే ఫ్లాస్కు నింపుకుని వెళ్ళండి. ఆక్సాలిప్లాటిన్ ఉందంటే ఐసు జోలికి పోవద్దు, చన్నీళ్ళు కూడా వద్దు.